సంచితాడు కొస

మా ఊరి పాత బడి వరండాలో, పొద్దున కడిగి తీగ మీద ఆరేసిన పాలప్యాకెట్ల నుంచి ఒక వాసన వస్తుంది. విరిగిన పాలు, సబ్బునీళ్లు, ఎండకు వేడెక్కిన ప్లాస్టిక్కు, మూడూ కలిసిన ఆ వాసనకు కొత్తగా వచ్చినవాళ్లు ముక్కు మూసుకుంటారు. నేను మాత్రం కుర్చీ ఇంకాస్త దగ్గరికి లాక్కొని కూర్చుంటాను. అది ముక్కులో పడగానే నా మోకాళ్ల నొప్పులు, కళ్లద్దాలు, పెన్షను అన్నీ రాలిపోయి, పదకొండేళ్ల వెధవనై, చేతిలో బొంగరంతో మా ఇంటి అరుగు మీద నిలబడి ఉంటాను.

ఆ వరండాలో పద్నాలుగు మంది ఆడవాళ్లు పని చేస్తారు. హోటళ్ల నుంచి, పెళ్లిపందిళ్ల నుంచి, రాప్తాడు రోడ్డు పక్క ముళ్లకంపల్లో చిక్కుకున్న కవర్ల నుంచి ఏరి తెచ్చిన ప్లాస్టిక్కును కడిగి, ఆరబెట్టి, కత్తెరతో చుట్టూ తిప్పుతూ తెగకుండా పొడవాటి పట్టీగా కత్తిరించి, మగ్గం మీద నూలు పడుగులో పేకగా వేసి సంచులు, చాపలు నేస్తారు. ధర్మవరంలో పట్టు నేసే ఇంట పుట్టి మా తమ్ముడికి కోడలిగా వచ్చిన సుజాత వాళ్లకు పెద్ద. బెంగళూరు నుంచి సంచులు కొనేవాళ్లు కారు దిగితే చాలు, నేను గొంతు సవరించుకొని, ఈ ప్లాస్టిక్కు పనికి మూలపురుషుణ్ణి నేనేననీ, చిన్నప్పుడే ఎరువుల సంచులు పీకి వెయ్యి మూరల తాడు పేనాననీ మొదలుపెడతాను.

"మామా, పోయినసారి ఐదునూర్లంటివి. ఎండకు సాగిందా తాడు?" అంటుంది సుజాత, మగ్గం మీంచి తల ఎత్తకుండా.

ఒప్పుకుంటాను. నేను ఒక్క మూర కూడా పేనలేదు. పేనింది మా అమ్మ ఓబులమ్మ, మా నాయన చెల్లెలు నాగమ్మత్త.

మా చిన్నప్పుడు ఊళ్లో పారేసేది అంటూ ఏమీ ఉండేది కాదు. చినిగిన చీరె బొంతయ్యేది, బొంత చినిగితే వానలో మేకపిల్ల మీద కప్పే గుడ్డయ్యేది, శెనక్కాయ పొట్టు పొయ్యిలోకి, పొయ్యిలోని బూడిద అంట్లలోకి పోయేవి. మా అవ్వ నమిలి ఉమ్మిన వక్కాకు తప్ప ప్రతిదానికీ రెండో జన్మ ఉండేది. శెనక్కాయలు పీకే రోజుల్లో చేలోనే కుండ పెట్టి ఉప్పేసి ఉడకబెట్టిన పచ్చికాయలు, వేలు కాలుతుంటే ఊదుకుంటూ ఒలుచుకొని తిన్న ఆ కాయలు, ఉగాదికి అవ్వ పెనం మీంచి నేరుగా నా చేతిలో వేసే పూర్ణపు ఓళిగ, మామూలు రోజుల్లో రాగిసంగటి ముద్దలో గుంట చేసి అందులో వేసుకునే ఊరుబిండి, ఇవే మా భాగ్యం. రోజుకు పది ఓళిగలు తిన్నానని మనవళ్లతో చెబుతుంటాను. ఏడాదికి రెండు. మూడోది అవ్వ నిద్రపోతుంటే తీసింది.

అమ్మకూ అత్తకూ కిత్తనార పని. కిత్తలి మట్టలు కోసి, కుంటలో నానేసి, కుళ్లాక బాది, నార తీసి పశువులకు పలుపులు, బావికి చేంతాళ్లు పేనేవాళ్లు. బదులుగా రైతులు జొన్నలో శెనక్కాయలో కొలిచేవాళ్లు. కానీ ఆ ఏడు వాన మొహం చాటేసింది. కుంట అడుగున మన్ను పెంకులు పెంకులుగా లేచింది. కిత్తలి ఎండకు చావదు గానీ, మట్టలు నానెయ్యడానికి నీళ్లు ఉండాలి కదా. నీళ్లు లేక నార లేదు, నార లేక తాడు లేదు, తాడు లేక మా ఇంట్లో కుండలో గింజ లేదు. నాయన బళ్లారి వైపు కూలికి పోయినాడు.

అప్పుడప్పుడే యూరియా కొత్తరకం సంచుల్లో వస్తోంది. గోనె కాదు, తెల్లగా నిగనిగలాడే ప్లాస్టిక్కు. వీధి చివర గంగిరెడ్డి మామ కొట్టంలో ఖాళీవి పడి ఉండేవి. అమ్మ ఒకరోజు ఒక సంచి అంచు పట్టి లాగితే, అది పోగుగా, పట్టీలాగా, సర్రున ఊడి వచ్చిందట. చెంబుడు నీళ్లతో సంచులు ఉతికి కంచె మీద ఆరేస్తే, ఎరువు ఘాటు, సబ్బు, వేడి ప్లాస్టిక్కు కలిసిన వాసన వీధంతా నిండేది. ఇప్పటి పాలప్యాకెట్ల వాసనకు అక్కలాంటిది.

మా ఇంటికి ఎదురే అత్త ఇల్లు. మా అరుగు మీద అమ్మ, ఆ అరుగు మీద అత్త, నడుమ వీధికి అడ్డంగా తాడు. అమ్మ ఇటు మెలిపెడితే అత్త అటు మెలిపెట్టేది. వచ్చేపోయేవాళ్లు తిట్టుకుంటూ తాడు కింద వంగి పోయేవాళ్లు, మేకలు వంగకుండానే పోయేవి. తాడు పొడవునా మాటలు కూడా అటూ ఇటూ నడిచేవి: ఎవరింట్లో ఏం వండినారు, ఎవరి కోడలు అలిగింది, ఎవరి మొగుడు ఉత్తరం రాయలేదు. ప్లాస్టిక్కుకు ఒక రోగం ఉంది, కొస వదిలితే మొత్తం విచ్చుకుంటుంది. ఆ కొసను కట్టడి చేసే విద్య అత్తది. నిప్పుకణిక మీద కొస కరగబెట్టి, తడిగుడ్డతో నొక్కి, అది గట్టిపడుతుండగానే పశువు మెడకు వేసే ఉచ్చును ముడేసేది. ఆమె వేళ్ల కొసలన్నీ కాలి గట్టిపడి గోళీల్లా ఉండేవి. "నాగమ్మ కొస వేస్తే యముడు కూడా ఊడబీకలేడు" అని అమ్మే అందరికీ చెప్పేది.

మొదటి పలుపు గంగిరెడ్డి మామ పాడి ఎనుముకు. కొత్త తాడుకు పసుపు పూసి, ఎనుము మెడలో వేసి, అమ్మ దండం పెట్టింది. అది నిలిస్తే ఊరంతా సంచితాడే అడుగుతుంది. నిలవకపోతే అంతే.

నాలుగు రోజులు నిలిచింది. ఐదోరోజు మధ్యాహ్నం ఎనుములు మేతకు పోయినప్పుడు, కొట్టంలో గుంజకు వేలాడుతున్న ఆ పసుపు తాడు నా కంటపడింది. దాన్ని పట్టుకుపోయి చింతకొమ్మకు కట్టి ఉయ్యాల ఊగాను. ఎంత ఎత్తుకు పోయానంటే పైనుంచి పామిడి దగ్గర పెన్న ఇసుక కనిపించింది. సరే, గంగిరెడ్డి మామ మిద్దె మీద ఆరేసిన మిరపకాయలు కనిపించాయి. కానీ కొమ్మకు కట్టడానికి పొడవు చాలక, అత్త వేసిన ముడి పళ్లతో, మేకుతో గంటసేపు తంటాలు పడి ఊడదీశాను. తిరిగి కట్టేటప్పుడు నాకు తెలిసిన ఒకే ఒక్క ముడి, బొంగరం తాడు ముడి, వేసి గుంజకు తగిలించి వచ్చాను.

తెల్లవారి నేను అరుగు మీద కూర్చొని సంగటి తింటుంటే గంగిరెడ్డి మామ వచ్చి ఆ తాడు అమ్మ కాళ్ల ముందు పడేశాడు.

"ఏమ్మా ఓబులమ్మా, నీ సంచితాడు చేసిన పని చూసినావా? ఇప్పుకోని పోయి విత్తనకాయలన్నీ మేసి, పొట్ట ఉబ్బి పడుండాది ఎనుము. వాన పడితే నేనేం ఇత్తల్ల, నీ తాడు ఇత్తల్లా?"

అమ్మ తాడు చేతిలోకి తీసుకొని ఈ చివర నుంచి ఆ చివరి దాకా వేళ్లతో తడిమింది. "తాడు తెగలేదన్నా. ముడి ఊడింది" అంది. తల ఎత్తి వీధికి అవతల చూసింది. "నాగమ్మా, కొస నీదే కదా?"

"నాదే వదినా. గట్టిగనే వేస్తి."

"గట్టిగ వేసింటే ఎట్ల ఊడె?"

"నువ్వు పేనింది వదులుగా ఉండాదేమో చూస్కో. నా కొసనంటావేం?"

అక్కడితో ఆగలేదు. నాకు గుర్తున్నవి కూడా ఇక్కడ రాయను. వాళ్ల మాటలు అటూ ఇటూ పోతున్నంతసేపూ నా నోట్లో సంగటి ముద్ద ఉంది. దాన్ని మింగి ఒక్కమాట చెబితే చాలు. మింగాను. మాట కూడా దాంతోపాటే లోపలికి పోయింది.

ఎనుము బతికింది. సంచితాడు చచ్చింది. ఊరివాళ్లు అడిగి ఉన్నా లాభం లేదు; తాడుకు రెండు వైపులా మనుషులు కావాలి. అమ్మ రోడ్డుపనిలో కంకర కొట్టడానికి పోయింది, అత్త కంపకొట్టి కట్టెలమ్మింది. ఎదురెదురు తలుపుల ఇళ్లలో ముప్పై ఏళ్లు బతికి, పెళ్లిళ్లలో వేరువేరు బంతుల్లో కూర్చున్నారు. అమ్మ పోయినరోజు అత్త వచ్చింది గానీ గడప దాటలేదు. వీధిలోనే నిలబడి ఏడ్చింది.

ఇప్పుడు అత్తకు ఎనభై. సుజాత వాళ్ల దగ్గర సంచుల పిడులకు తాడు పేనుతుంది, ఒక కొస గోడమేకుకు తగిలించుకొని ఒక్కతే. పోయినవారం బెంగళూరు వాళ్లు సంచులన్నీ తిప్పి పంపారు. పిడుల కొసలు విచ్చుకుంటున్నాయట. మళ్లీ ఇలా ఐతే ఇక కొనమన్నారు. పద్నాలుగు మందీ ఆ సంచుల కుప్ప చుట్టూ చేరి దిగాలుగా చూస్తుంటే, సుజాత పోయి నాగమ్మత్త పక్కన గొంతుక్కూర్చుంది.

"అవ్వా, నువ్వు ఎనకటికి కొసలు కాల్చి ముడేస్తాంటివంట కదా. మా మామ చెప్పినాడు. మాకు నేర్పీవా?"

"కొస పని నన్నడగాకమ్మా" అంది అత్త. "నా చేతిలో కొస నిలవదు. ఒగ సంసారం కూలింది దాంతో."

కోపంగా అనలేదు. కాలు కుంటిదైతే కుంటిదని ఎట్లా చెబుతారో అట్లా అంది. యాభై ఏళ్లుగా ఆమె దాన్ని నిజమనే నమ్ముతోందని నాకు ఆ క్షణం దాకా తెలియదు. అమ్మ మీద కోపంతో మాట్లాడలేదనుకున్నాను ఇన్నాళ్లూ. తన వేళ్ల మీద నమ్మకం పోయి మాట్లాడలేదని అనుకోలేదు.

కుర్చీ దగ్గరికి జరుపుకొని, ఆనాడు జరిగింది అత్త చెవిలో చెప్పాను.

"ఏందో గొణుగుతాండావు. నాకు చెవులు సరిగా ఇనపడవు. అందరికీ ఇనపడేట్ల చెప్పు."

లేచి నిలబడి చెప్పాను. తాడు, చింతకొమ్మ, పళ్లతో ఊడదీసిన ముడి, నా ముడి, సంగటి ముద్ద. పెన్న సంగతి కలపలేదు. జీవితంలో మొదటిసారి ఒక కథను దాని సైజులో చెప్పాను. చాలా చిన్నగా ఉంది.

మగ్గం ఆగింది. అత్త నా వైపు తిరిగింది. చేతిలో ఉన్న తాడుతో నా మోకాలి మీద ఒక్కటి వేసింది, నొప్పి ఉన్న మోకాలి మీదే.

"పళ్లతో ఊడదీస్తివా?"

"గంటసేపు పట్టిందత్తా."

"గంటసేపు" అంది అత్త. వేళ్లు కళ్ల ముందు పెట్టుకొని చూసుకుంది. ముఖం నిదానంగా విచ్చుకుంది. "యముడు ఊడబీకలేడని మీయమ్మ ఊరికే అన్లేదురా. పా, పోయి వదినతో చెప్దాం."

లేచింది. సుజాత చెయ్యి పట్టుకోబోతే విదిలించి, మెట్లు దిగి, చెప్పులైనా వేసుకోకుండా మా వీధిలోకి నడిచింది. నేను వెనకే పోయాను. సిమెంటు రోడ్డు వేసినప్పుడు అరుగులు పోయాయి, కంచెలు పోయాయి, వీధికి అడ్డంగా తాడు కట్టి మాట్లాడుకునే మనుషులు అంతకుముందే పోయారు. మా ఇల్లు ఉన్నచోట నీళ్ల ప్లాంటు రేకుషెడ్డు ఉంది. అత్త సరిగ్గా మా తలుపు ఉండేచోటికి పోయి, తట్టడానికి చెయ్యి ఎత్తి, అట్లాగే నిలబడిపోయింది.