కిటికీ పక్క జాగా

మొన్న మా చిన్నమ్మాయి టీవీలో ఒక జైలు సినిమా పెట్టింది. కిక్కిరిసిన బారక్, పొడుచుకునే ముఠాలు, కిటికీ పక్క జాగా పట్టుకుని అందరినీ వణికించే ఒక దుర్మార్గుడు. "బాపూ, లోపట నిజంగ గిట్లనే ఉంటదా?" అని అడిగింది. సగం నిజమేనన్నాను. మిగతా సగం నా ఈడు వాళ్ళతో చెప్పుకోవాలనిపించింది.

తెలంగాణ వచ్చిన కొత్తలో నాకు కొల్లాపూర్‌లో కుట్టుమిషన్ల దుకాణం ఉండేది. బజారులో కొట్లాట జరిగి, ఎవరి దెబ్బకో ఒకతని తల పగిలితే, అక్కడున్న అందరితోపాటు నన్నూ రిమాండుకు పంపారు. ఆ బారక్‌లో వెల్లకిలా పడుకునే వీలే లేదు, ఒకరు ఒత్తిగిలితే వరుసంతా ఒత్తిగిలాలి. కిటికీ పక్క జాగా మాత్రం హత్య కేసులో వచ్చిన ఒకాయనది. అన్నా అని పిలిచేవాళ్ళమే గాని దగ్గరకు పోయేవాళ్ళం కాదు.

నా పక్కన అమ్రాబాద్ నుంచి వచ్చిన ఒక తాత, అడవిలో ఏదో జంతువును పట్టాడని కేసు. బయలు గాలికి అలవాటుపడ్డ మనిషి, ఆ ఉక్కలో అన్నం ముట్టడమే మానేశాడు. ఎండాకాలం ఒక మధ్యాహ్నం, తలుపులు వేసి ఉండగా, స్పృహ తప్పి నా భుజం మీద ఒరిగిపోయాడు. మోసుకుపోదామంటే కాలు పెట్టే సందు లేదు. అప్పుడు కిటికీ దగ్గరి అన్న లేచి, "ఎవ్వలు లేవకుండ్రి, చేతులు లేపుండ్రి! తాతను మీదికెల్లి అందియ్యుండ్రి!" అని కేక వేశాడు. కూర్చున్నవాళ్ళం కూర్చున్నట్టే, ఆ బక్క శరీరాన్ని చేతుల మీదుగా తలుపు దాకా దాటించాం. కాపలా జవాన్లు తాళం తీసి దవాఖానకు తీసుకుపోయారు.

కొన్నాళ్ళకు తాత కోలుకుని తిరిగొచ్చాడు. అన్న తన దుప్పటి తెచ్చి నా పక్కన పరుచుకుని, ఆయనను కిటికీ దగ్గరకు పొమ్మన్నాడు.

"మరి నువ్వేడ పంటవు బిడ్డా?"

"నా ఫికర్ నీకెందుకే తాతా, పో, పండుకో."

తర్వాత తాతకూ నాకూ బెయిలు దొరికింది. నా మీది కేసు కొట్టేశారు, దుకాణం మూసేశాను, ఇంటికి రెండు గదులు పెరిగాయి. ఆ మధ్య మహబూబ్‌నగర్ బస్టాండులో అన్న కనిపించాడు, జుట్టు నెరిసి, చంకలో మనవరాలితో. ఇద్దరం గుర్తుపట్టాం. ఊపిరి ఊపిరికి తగిలేలా అన్ని నెలలు బతికినవాళ్ళం, అంత విశాలమైన చోట నాలుగడుగుల దూరంలోనే ఆగిపోయాం. ఆయన తలూపాడు, నేనూ తలూపాను, అంతలో ఆయన ఎక్కవలసిన బస్సు వచ్చింది.