పావలాను మాత్రమే చూసిన యంత్రం

నా చిన్నప్పుడు తోటి పిల్లలంతా దయ్యాలకు భయపడేవాళ్ళు. నేను భయపడింది కుప్పం రైల్వే స్టేషన్‌లోని తూకపు యంత్రానికి. అదీ ఒకే ఒక్క రోజు. ఆ రోజు మాత్రం ఇన్నేళ్ళయినా నన్ను వదల్లేదు.

మాది పుంగనూరు. మా తాతకు బజారులో చిన్న అంగడి ఉండేది. పప్పులు, బెల్లం, చింతపండు, కిరసనాయిలు అమ్మేవాడు. మహా అనుమానం మనిషి. ఎవరు పావలా ఇచ్చినా, అర్ధరూపాయి ఇచ్చినా గల్లాపెట్టె పక్కనున్న నల్లరాతి మీద టంగుమని కొట్టి, ఆ మోత విన్నాకే లోపల వేసేవాడు. చుట్టాలైనా అంతే. మా మేనత్త ఒకసారి అలిగి, "నేనిచ్చింది కూడా కొట్టి సూడల్లనా నాయనా?" అని మూతి ముడుచుకుంది. తాత ఆ పావలాను ఇంకోసారి కొట్టి చూసి గల్లాలో వేసుకున్నాడు. దొంగ నాణెం దొరికిందంటే దాన్ని అందరికీ కనబడేలా గల్లాపెట్టెకు మేకు వేసి బిగించేవాడు.

ఆ రోజుకు ముందు ఏడు మా అమ్మకు క్షయ వచ్చింది. మదనపల్లె దగ్గర ఆసుపత్రిలో చాలా నెలలు ఉండి, కాస్త తేరుకుని ఇంటికి వచ్చింది. పంపేటప్పుడు డాక్టరమ్మ ఒకటే మాట చెప్పిందట. నెలనెలా బరువు చూసుకోండి, తగ్గిందంటే ఒక్క రోజు కూడా ఆగకుండా తీసుకురండి అని. బరువేదో ఆ ఆసుపత్రిలోనే చూసుకోవచ్చు కదా అంటారేమో. ఆ గేటులోకి పోతూ మా ఊరివాళ్ళ కంట పడితే ఇంకేమైనా ఉందా? మా ఇంట్లో మంచినీళ్ళు ముట్టేవాళ్ళుండరు, అంగట్లో సరుకు కొనేవాళ్ళుండరు. పైగా అమ్మకు ఆ గేటంటేనే వణుకు. పోతే మళ్ళీ ఉంచేసుకుంటారని భయం. అందుకే తాత నెలకోసారి చింతపండు సరుకు కోసం కుప్పం పోయేటప్పుడు అమ్మనూ నన్నూ వెంటబెట్టుకునేవాడు. మా నాయన లారీ మీద దేశాలు తిరిగేవాడు కాబట్టి ఇంట్లో ఏదైనా తాతే చూసుకోవాలి. కుప్పం స్టేషన్‌లో మమ్మల్ని ఎరిగినవాళ్ళు ఎవరూ లేరు. యంత్రం మీద నిలబడి పావలా వేస్తే రంగురంగుల దీపాలు వెలిగి, బరువు అచ్చువేసిన చీటీ బయటికొచ్చేది. అప్పటిదాకా నాకు ఆ యంత్రమంటే ఇష్టమే.

ఆ రోజు పొద్దున అమ్మ తలుపు ఓరగా వేసుకుని చీర కట్టుకుంటోంది. నేను దూరి చూసేసరికి అంగట్లోని ఇనుప తూకపురాళ్ళు, కిలోదీ అరకిలోదీ, పాతగుడ్డలో చుట్టి నడుముకు బిగించుకుంటోంది. నన్ను చూసి ముందు బిత్తరపోయింది. తర్వాత దగ్గరికి లాక్కుని, "తాతకు సెప్పగాకమ్మా. ఇవుంటే నేను నీకాడే ఉంటా" అంది. నాకింకేం కావాలి? ఆమె ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ నేను అమ్మ పాతచీర చుట్టుకుని పడుకున్నదాన్ని. ఆమె ఇంట్లోనే ఉంటుందంటే తూకపురాళ్ళేం ఖర్మ, రోలు కట్టుకుంటానన్నా ఎత్తి సాయం పట్టేదాన్ని.

మేము స్టేషన్‌కు పోయేసరికి యంత్రం వెనక తలుపు తీసి ఉంది. లోపల పడిన చిల్లర తీసుకుపోవడానికి వచ్చిన మనిషి సంచి నింపుకుంటున్నాడు. తాత ఊరికే ఉంటాడా?

"ఏమప్పా, దీనికి సెవుల్లేవు, కండ్లు లేవు. దొంగ పావలా ఏస్తే ఎట్ల కనిపెడతాది?" అని అడిగాడు.

అడగడంతో ఆగలేదు. మేకు వేయడానికి జేబులో దాచిపెట్టుకున్న తగరం పావలా తీసి సందులో వేశాడు. అది లోపల గలగలా దొర్లి కింది గిన్నెలో వచ్చి పడింది. దీపం వెలగలేదు, చీటీ రాలేదు. ఆ మనిషి నవ్వి తాతను వెనక్కి పిలిచి చూపించాడు. నేనూ తాత పంచె పట్టుకుని తొంగి చూశాను. నాణెం పెద్దదైతే సందులోనే దూరదు. చిన్నదైతే దారిలో పక్కకు జారిపోతుంది. సైజు సరిపోయినా లోపల అరచేతిలో పట్టేంత తరాజు ఉంది, దాన్ని వంచేంత బరువు లేకపోతే బయటి దారి పట్టాల్సిందే. అన్నీ దాటుకుని ఇనుప బిళ్ళ వస్తే దానికో అయస్కాంతం. ఆ మనిషి ఒక ఇనుప వాషరు దొర్లిస్తే టక్కున అతుక్కుపోయింది.

తాత ముఖం అప్పుడు చూడాలి! "నాకంటే అనుమానం మనిషే ఇది!" అని తెగ మురిసిపోయాడు. నాకు మాత్రం భయం పట్టుకుంది. అమ్మ నడుముకు ఉన్నది ఇనుమే కదా. ఎక్కగానే యంత్రం అమ్మను కూడా టక్కున పట్టేసుకుంటుందని, దీపాలన్నీ ఆరిపోతాయని, స్టేషన్‌లో జనమంతా మూగి చూస్తారని అనుకున్నాను. అమ్మ కొంగు పట్టుకుని వెనక్కి లాగాను. అమ్మ పెదవులు కూడా తెల్లబడ్డాయి. అయినా ఎక్కింది. తాత మంచి పావలా రాతినేల మీద కొట్టి చూసి మరీ వేశాడు.

దీపాలు వెలిగాయి. చీటీ వచ్చింది. పోయిన నెల కంటే బరువు ఎక్కువే చూపించింది. అమ్మయ్య అనుకున్నాను. అమ్మ నన్ను చూసి నవ్వుతూ నుదుటి చెమట తుడుచుకోవడానికి చెయ్యెత్తింది. అప్పుడే ఆమె గాజులు మణికట్టు దగ్గరి నుంచి జారి, మోచేతి దాకా పోయాయి. అవి ఆమె ఆసుపత్రి నుంచి వచ్చాక తాత కొనిచ్చినవి. సబ్బు రాసి ఎక్కిస్తే తప్ప ఎక్కని గాజులు.

తాత చీటీ చూడలేదు. ఆ గాజుల వంకే చూశాడు. తర్వాత భుజం మీది తువ్వాలు తీసి, ఎవరికీ కనబడకుండా అడ్డంగా పట్టుకుని మెల్లగా అన్నాడు.

"పొద్దున అంగట్లో కిలోరాయి, అరకిలోరాయి కనపల్లేదమ్మా. నువ్వే తెచ్చినట్లుండావు, మంచి పని చేసినావు. ఈడ చింతపండు తూసుకునేదానికి కావల్ల. ఇయ్యి."

అమ్మ ఆ తువ్వాలు చాటుకు వచ్చింది. వెనక్కి తిరిగి మూట విప్పి తువ్వాల్లో పెట్టింది. పెట్టి, అక్కడే కూలబడి ఏడ్చేసింది. "నన్ను ఆడికి పంపగాకు మామా. ఈసారి పోతే నేను తిరిగి రాను. బిడ్డ దిక్కులేంది అయిపోతాది."

తాత ఆమె ఎదురుగా నేల మీదే కూర్చున్నాడు. "యాల రావు తల్లీ? పోతేనే వస్తావు" అన్నాడు. ఒక్క కోపం మాట అనలేదు. నిజంగానే ఆ రాళ్ళతో మండీలో చింతపండు తూచుకుని, మర్నాడు పొద్దున్నే అమ్మను మదనపల్లె తీసుకుపోయాడు. ఆ రాళ్ళ మాట మా నాయనకు గానీ, మేనత్తకు గానీ చచ్చేదాకా చెప్పలేదు.

నాకు తాత మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఆయన కలిపిన ముద్ద తినేదాన్ని కాదు. వంకరటింకరగా జడ వేస్తే విప్పి పారేసేదాన్ని. విప్పినప్పుడల్లా మళ్ళీ వేసేవాడు. నా కొత్త గౌను పొట్టిదైపోయేదాకా అమ్మ రాలేదు. కానీ వచ్చింది. ఇంకో నెల ఆగుంటే చెయ్యి దాటిపోయేదని డాక్టరమ్మ చెప్పిందట. ఆ తర్వాత అమ్మ నా పెళ్ళి చూసింది, నా పిల్లలను ఎత్తుకుంది.

మొన్న బ్యాంకులో డబ్బు కడుతుంటే, నోట్లు లెక్కపెట్టే యంత్రం ఒక్క అయిదొందల నోటు దగ్గర కుయ్యిమని ఆగిపోయింది. లోపలి దారం, సిరా, కొలత అన్నీ దీపం కింద చూస్తుందని కౌంటర్లో అమ్మాయి చెప్పింది. గట్టిదే పాపం, పట్టేసింది. ఆ అమ్మాయి కళ్ళకింద నలుపు మాత్రం దానికి కనబడలేదు. నాకు కనబడింది. "అన్నం తిన్నావామ్మా?" అని అడిగితే తల దించుకుంది.

బెంగుళూరులో ఉండే మా కోడలు రోజూ ఫోను చేస్తుంది. "బాగుండానత్తా" అంటుంది. ఫోనులో ముఖం చూపించి నవ్వుతుంది కూడా. నేను ఊరుకోను, చెయ్యి పైకెత్తమంటాను.

"ఏందత్తా, దొంగనోటును సూసినట్లు సూస్తాండావు?" అని ఎగతాళి చేస్తుంది.

చేసుకోనీ. ఆమె గాజులు ఎక్కడ ఆగాయో కనబడేదాకా నేను ఫోను పెట్టను.