టైలరమ్మ బిగబట్టిన ఊపిరి

ఆ వీధి టైలరమ్మ చేతిలో పడితే చిరిగిన చొక్కాకైనా మంచి రోజులు వచ్చినట్టే. కాకపోతే ఆవిడకో అలవాటుంది. మెడ వంపు కుట్టేటప్పుడు ఊపిరి బిగబడుతుంది. పెదాల మధ్య గుండుసూదులు, చూపంతా సూది మొన మీద. ఎవరు పిలిచినా ఉలకదు, పలకదు. వంపు దాటాకే "హమ్మయ్య" అంటుంది. భయమేసినా అంతే, మొదట ఆగిపోయేది ఊపిరే.

కడుపుతో ఉందని తెలిశాక ఆ భయం ఇంట్లోనే తిష్ఠ వేసింది. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు కొలతలిచ్చి ఊరుకుంటే ఎంత బాగుండేది! తమ కాన్పు కథలు కూడా చెప్పి మరీ వెళ్లేవారు. వాటితో టైలరమ్మకు నిద్ర కరువైంది. పైగా మిషను ముందు కూర్చుని కూర్చుని నడుము పట్టేసేది, సాయంత్రానికి పాదాలు ఉబ్బి చెప్పుల్లో దూరేవి కావు.

డాక్టరమ్మ పరీక్ష చేసి, "బిడ్డ చక్కగా ఉంది. నీకే కాస్త స్థిమితం కావాలి. మా మేడ మీద గర్భిణులకు యోగా నేర్పిస్తారు, వెళ్లమ్మా" అంది.

ఆ మాట వినగానే అత్తగారు అగ్గి మీద గుగ్గిలమైంది. "కడుపుతో ఉన్న పిల్లని తలకిందులుగా నిలబెడతారా? పద, నేనూ వస్తా. ఒక్క గంతు వేయించనీ, ఆ టీచరు సంగతి చెప్తా!"

అలా కోడలికి కాపలాగా వెళ్లి గది మూల కుర్చీలో బైఠాయించింది. తీరా చూస్తే అక్కడ తలకిందులూ లేవు, గంతులూ లేవు. గోడకు ఆనుకుని అరికాళ్లు రెండూ కలిపి మోకాళ్లు మెల్లగా కదపడం, చేతులూ మోకాళ్లూ నేలకు ఆనించి వీపును పిల్లిలా వంచి దించడం, చివర్లో ఎడమ పక్కకు తిరిగి దిండు పెట్టుకుని పడుకోవడం. పోట్లాటకు సిద్ధమై వచ్చిన అత్తగారికి బొత్తిగా పని లేకుండా పోయింది.

టీచరు మాత్రం మాటిమాటికీ టైలరమ్మ దగ్గరే ఆగేది. "మళ్లీ బిగబట్టావు! వేడి టీ ఊదినట్టు మెల్లగా వదులు తల్లీ."

రానురాను నడుము నొప్పి తగ్గింది. పాదాల వాపు పూర్తిగా పోలేదు గానీ నిద్ర మాత్రం హాయిగా పట్టసాగింది. "అంతా నేను మర్దన చేసిన నూనె మహిమ" అని అత్తగారు వీధంతా చెప్పుకుంది. అయినా కాపలా మానలేదు. ఒకరోజు టీచరు వెనక్కి తిరిగితే, ఆవిడ కుర్చీలో కళ్లు మూసుకుని బుగ్గలు ఉబ్బించి ఊదుతోంది.

"మీరూ చేస్తున్నారా అమ్మగారూ?"

"నేనా? కునుకు తీస్తున్నా!" అని గదమాయించింది అత్తగారు.

ఒక ఉదయం నొప్పులు మొదలయ్యాయి. కాన్పు గదిలోకి ఒక్కరినే రానిస్తామన్నారు. మొగుడికి కాళ్లూ చేతులూ ఆడడం లేదు కనుక అత్తగారే కొంగు దోపుకుని లోపలికి నడిచింది. అంతే, ఒక్క నొప్పికే టైలరమ్మ నేర్చుకున్నదంతా గాలికి పోయింది. పళ్లు బిగించి ఊపిరి బిగబట్టేసింది. నర్సు చెప్పేది చెవికెక్కడం లేదు.

అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుంది. "అమ్మాయ్, ఇటు చూడు. మెడ వంపు దగ్గరున్నావు, అంతే. బిగబట్టకు. నాతో పాటు ఊదు. వేడి టీ... ఊఁ, అలాగే!"

ఇద్దరూ కలిసి ఊదారు. నొప్పి నొప్పిలాగే వచ్చింది, కానీ ఈసారి దాని వెంట భయం రాలేదు. మళ్లీ నొప్పి, మళ్లీ టీ. అది చూసి నర్సుకే నవ్వొచ్చింది.

చివరికి బిడ్డ బయటపడింది. ఒక్క క్షణం గదిలో చప్పుడు లేదు. ఆ తర్వాత పైకప్పు ఎగిరిపోయేలా ఏడుపు. టైలరమ్మ అలసిన కళ్లతో బిడ్డను చూసి, పక్కకు తిరిగింది. అత్తగారు కొయ్యబారి నిలబడి ఉంది. మొహం ఎర్రబడింది, పెదాలు బిగుసుకుపోయాయి.

"అత్తయ్యా," అంది టైలరమ్మ నవ్వుతూ, "పుట్టేసింది. ఇక మీరు ఊపిరి వదలండి."

వదిలింది అత్తగారు. దాని వెంటే వెక్కివెక్కి ఏడ్చేసింది.