మెరుపు లేని కెమెరా

ఇరవై ఏళ్లు పెండ్లిళ్లకు ఫోటోలు తీసిన నా కుడి భుజం ఎడమదానికంటే కిందికి దిగింది. బరువైన కెమెరా, దానికి మూరెడు లెన్సు, నెత్తిన ఫ్లాష్. ఆఖరికి చెయ్యెత్తి తల దువ్వుకోలేకపోయాక, మదనపల్లెలోని నా స్టూడియోలో ఉన్న పాత సామాన్లన్నీ అమ్మేసి చిన్న మిర్రర్‌లెస్ కెమెరా కొన్నాను. మసక వెలుతురులో కూడా దానికి ఫ్లాష్ అక్కర్లేదు.

బాగుందని ఒక్కరూ అనలేదు.

పుంగనూరులో నేను పెద్దకూతురి పెండ్లి తీసిన ఇంటివాళ్లు, చిన్నకూతురి పెండ్లి కుప్పంలో పెట్టుకుని మళ్లీ నన్నే పిలిచారు. మండపంలో అడుగుపెట్టగానే పెండ్లికూతురి మేనమామ నా చేతిలోకి చూశాడు.

“ఏమప్పా, పెద్ద కెమెరా యాడ? పిల్లోల్లు ఆడుకునేది తెచ్చినావే?”

“ఇదే కెమెరా అన్నా.”

“మగపెండ్లోల్లు సూస్తే మా పరువేంగావల్ల? పాతది ఊరికే మెళ్లో ఏలాడేసుకోరాదా?”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. పెండ్లికూతురి తండ్రి నవ్వలేదు కానీ నన్ను పక్కకు పిలిచాడు.

“తాళి ఫోటో తప్పిపోయిందంటే మళ్లా మా గడప తొక్కొద్దప్పా.”

మా వైపు పెండ్లిళ్లలో ఫ్లాష్ మెరిసేదాకా తాళి పట్టిన చెయ్యి కదలదు. ఆ అలవాటు నేర్పింది మాబోటి ఫోటోగ్రాఫర్లే. గట్టిమేళం మొదలైంది. పెండ్లికొడుకు వంగాడు. నేను వరసగా పది తీశాను. మెరుపు లేదు. ముడి పడేలోపు మేనమామ ఎగిరొచ్చి పెండ్లికొడుకు మణికట్టు పట్టుకున్నాడు.

“ఉండు అల్లుడూ! ఇంకా తీయలా! మెరుపే రాలేదు!”

“చెయ్యి వదలప్పా, ముహూర్తం దాటిపోతాండాది!” అని అయ్యవారు అరిచాడు.

తండ్రి నావైపు చూసిన చూపు నేను మరిచిపోను.

“తీసేసినాను! కట్టనీండి!” అన్నాను మేళాన్ని మించి.

“మెరుపేదప్పా మరి?”

పీటల దాకా దూసుకెళ్లి కెమెరా తెర మేనమామ ముక్కు ముందు పెట్టాను. పసుపుతాడు, రెండు చేతులు, వంచిన తల. అన్నీ ఉన్నాయి. అప్పుడు వదిలాడు. మూడు ముళ్లూ పడ్డాయి.

భోజనాల దగ్గర ఒక్క మంచిమాట లేదు. “ఈసారి మెరుపుండేది తీసుకరా” అని మాత్రం మేనమామ అన్నాడు. తీసుకురానన్నాను.

ఆల్బం కోసం మదనపల్లె వచ్చిన తండ్రి తాళి ఫోటో దగ్గర చాలాసేపు ఆగాడు. తర్వాతది చూసి పకపకా నవ్వాడు. పెండ్లికొడుకు చెయ్యి పట్టుకుని, నోరు తెరిచి, కెమెరాలోకి గుడ్లురిమి చూస్తున్న బామ్మర్ది.

“ఇదీ పెట్టప్పా. మనవడి చెవులు కుట్టేదానికి నువ్వే రావల్ల. ఏ కెమెరా అయినా తెచ్చుకో.”

ఆ ఫోటోను పెద్దది చేయించి స్టూడియో గోడకు తగిలించాను. తీసెయ్యమని మేనమామ రెండుసార్లు ఫోన్ చేశాడు. తియ్యను. ఆరోజు నవ్వినవాళ్లు కూడా అందులో అతని వెనకే ఉన్నారు, ఒక్కరి మొహంలోనూ నవ్వు లేదు.