ఓడ తాళ్ళకు రెండో మనిషి

ఆదివారం కదా అని పొద్దున్నే ఓడ ముందేసుకుని కూర్చున్నాను. చెన్నై నుంచి కిట్టు తెప్పించుకుని నేనే కడుతున్న చిన్న చెక్క ఓడ అది. తాటిపాకలో ఉద్యోగం, రాజోలులో అద్దెకు ఒక్కదాన్నే ఉండటం. ఆరు నెలలుగా నా సాయంత్రాలన్నీ దానితోనే గడిచాయి. నెల రోజుల నుంచి మాత్రం తెరచాప కొయ్యకు తాళ్ళు కట్టడం దగ్గర ఆగిపోయాను. ఒకవైపు దారం బిగిస్తే కొయ్య అటే ఒరిగిపోతుంది, రెండోవైపుది వదులైపోతుంది.

పక్కింట్లో చేపలిచ్చి వెళుతున్న మంగమ్మ గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది.

"ఒక్కరి వల్ల అయ్యే పని కాదండి అమ్మగారూ. మా ఆయన పడవకి తాడు బిగించేటప్పుడు కొయ్య నేను పట్టుకోవాల్సిందేనండి. ఇంట్లో ఇంకెవరూ లేరాండీ?"

"లేరు" అన్నాను.

ఇంకేమీ అడక్కుండా చేతులు కడుక్కొచ్చి, కొయ్యను రెండు వేళ్ళతో నిటారుగా పట్టుకుంది. నేను ముడులు వేశాను. అరగంటలో ఆరు తాళ్ళు బిగిశాయి. ఇంత దగ్గరగా ఇంకో మనిషి ఊపిరి విని ఎన్నాళ్ళయిందో!

మంగమ్మ వెళ్ళేటప్పుడు కొన్ని చేపలు కొని, రేపు కూడా సాయంత్రం రమ్మన్నాను.

"రేపూ చేపలు కావాలాండీ?"

"ఆయ్, కావాలి" అనేశాను.

ఇవాళ కొన్నవే ముట్టుకోకుండా ఫ్రిజ్‌లో ఉన్నాయి. నాకు చేప కడగడం కూడా రాదు. కట్టాల్సిన తాళ్ళు ఇంకా పద్దెనిమిది ఉన్నాయి. పులుసు తేలిగ్గా పెట్టే పద్ధతి తెలిసినవాళ్ళు కాస్త చెబుదురూ.