పెయింటరు నిచ్చెన

నాన్న ఇస్త్రీపెట్టె వైరును మెలిక పడకుండా, బొటనవేలికీ మోచేతికీ మధ్య గుండ్రంగా చుట్టి అలమర కింది అరలో పెట్టాడు. ఆయన చేసిన ఆఖరి పని అదే. తెల్లారి టీ తీసుకెళ్లి కూతురు పిలిస్తే పలకలేదు.

సినిమాహాల్లో ముప్పై రెండేళ్లు ప్రొజెక్టర్ ఆపరేటరుగా చేసిన మనిషి. ఇంట్లో తాడు, దారం, కొళాయి గొట్టం, ఏది కనిపించినా చుట్టి పెట్టేవాడు. నవ్వడం మాత్రం తక్కువ. "మీ నాన్నని నవ్వించాలంటే నెల ముందు అర్జీ పెట్టుకోవాలే" అనేది అమ్మ.

అలాంటాయనకి ఒక మూకీ కామెడీ అంటే ప్రాణం. ఏళ్ల తరబడి ఆదివారం ఉదయం ఆటకి వేసిన సినిమా. ఒక బక్క పెయింటరు నిచ్చెన భుజాన వేసుకుని పనికి బయల్దేరతాడు. ఎవరో పిలిస్తే ఇటు తిరుగుతాడు, వెనక నిచ్చెన ఎవరి టోపీనో ఎగరేస్తుంది. క్షమించమందామని అటు తిరుగుతాడు, ఇంకొకడు పడతాడు.

"మర్యాదస్తుడమ్మా వాడు. ఆ మర్యాదే వాడి కొంప ముంచుతుంది" అనేవాడు నాన్న.

ఒక్కసారైనా ఆయన పగలబడి నవ్వితే చూడాలని కూతురు ఆ సినిమా వెతికి పట్టుకుంది. ఆ చివరి సాయంత్రం టీవీలో పెట్టింది. ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, పరీక్షకి వచ్చినవాడిలా కూర్చున్నాడు. గంట గడిచినా పెదవి కదల్లేదు. చూసి చూసి ఆమె ఉసూరుమంది.

"ఇంకెంతుంది?" అన్నాడు.

విసుగెత్తిందనుకుంది. "పది నిమిషాలు. నీకు కంఠతా వచ్చిందేగా నాన్నా, ఆపేస్తాలే."

ఆయన తెర వైపు ఒకసారి చూసి, "సరేలే" అని లేచి ఇస్త్రీపెట్టె దగ్గరికి వెళ్లాడు.

వారం తర్వాత, హాల్లో ఆయనతో పనిచేసిన రెండో ఆపరేటరు పలకరించడానికి వచ్చాడు. ఆమె ఆ సాయంత్రం సంగతి చెప్పి, "నవ్వనేలేదు బాబాయ్" అంది.

"నువ్వు ఆపినదాకా మీ నాన్నకి కొత్తేముందమ్మా, మెషిన్ గది కన్నంలోంచి ప్రతి ఆదివారం చూసిందేగా. ఆఖరి రీలు మొదలయ్యాక మెషిన్ దగ్గర నేనుండేవాణ్ణి. మీ నాన్న గోడవైపు తిరిగి ముందు రీళ్లు వెనక్కి చుట్టేవాడు. లేకపోతే తర్వాతి ఆట ఆలస్యం. మాటల సినిమా అయితే చుట్టుకుంటూ వినేవాడు. ఇందులో జనం నవ్వు తప్ప వినడానికేముంది? చివరికి ఆ నిచ్చెన ఏమైందో చెప్పబోతే నా నోరు మూసేవాడు. 'చెప్పకురా, ఎప్పుడో తీరిగ్గా చూస్తాను' అనేవాడు."