నా కుడి చేతికి తెలుగు రాదు

మా ఇంట్లో బీరువా మీద ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉంది. దాని నిండా చైనా ఇంకు పెన్నులే. సన్నవి, లావువి, లోపల సిరా ఊగడం బయటికి కనిపించేవి, క్లిప్పు బాణంలా ఉండేవి, నిబ్బునంతా కడుపులో దాచుకుని ముక్కు కొన మాత్రం బయట పెట్టేవి. ఒక్కోదాని ఖర్చు ఒక పూట చాయ్ నాష్టాను మించదు. నేను పార్సిల్ తెచ్చుకున్న ప్రతిసారీ మా ఆయన గుమ్మంలో నిలబడి, "మల్ల చైనా సుట్టం దిగిందా? కాళ్లకు నీళ్లియ్యి పో," అంటాడు. అననీ. ఆ చుట్టాలు నాకు ఏం చేసిపెట్టాయో ఆయనకు తెలుసు. మా పుట్టింటివాళ్లకు ఇంకా బాగా తెలుసు.

నాది పుట్టుకతో ఎడమ చేతివాటం. మహారాష్ట్రలో, తెలంగాణ అంచున ఉన్న మా సిరోంచలో డావ చెయ్యి అంటారు. బళ్లో మరాఠీ గురువులు డావఖురీ అనేవారు. ఇంట్లో ఒక మాట, బళ్లో ఒక మాట కాకుండా రెండు చోట్లా ఒకేలా తిట్టించుకోవడం సరిహద్దులో పుట్టినందుకు నాకు దక్కిన సౌకర్యం. మా బాపు నది ఒడ్డున వరి పండించే రైతు. పద్ధతి అంటే ఆయనకు ప్రాణం. ఎడమ చేత్తో అన్నం ముట్టినా, ఎవరికైనా వస్తువు అందించినా, అక్షరం రాసినా ఆయన లెక్కలో అన్నీ ఒకటే పాపం. నేను బడి నుంచి రాగానే "చెయ్యి సూపియ్యి" అనేవాడు. ఏ చెయ్యో అడగక్కర్లేదు. నా ఎడమ చేతిని పట్టుకుని తిప్పి, చిటికెన వేలి కింద అంచును చూసేవాడు. ఎడమ చేత్తో రాసేవాళ్ల చెయ్యి అప్పుడే రాసిన తడి అక్షరాల మీదుగా జరుగుతుంది. అందుకని ఆ అంచుకు నీలం అంటుకునేది. నీలం కనిపించిన రోజు నా వీపు విమానం మోత మోగేది.

అట్లా దెబ్బలు తిని తిని నా కుడి చెయ్యి మరాఠీ నేర్చుకుంది. ఈ రోజుకీ అంగన్‌వాడీలో నేను రాసే రిజిస్టర్లన్నీ కుడి చేత్తో, బాల్ పెన్నుతో, మరాఠీలోనే. ఆ రాత బాగుండదు, కానీ నడుస్తుంది.

తెలుగు మాత్రం నాకు ఎవరూ నేర్పలేదు. పొద్దున లేస్తే తెలుగే మాట్లాడతాం, తెలుగులోనే కొట్లాడుకుంటాం. రాయమంటే మాత్రం మా వీధిలో నా ఈడువాళ్లు ఒక్కరు కూడా ముందుకు రారు, బళ్లో చెప్పలేదు కాబట్టి. నేను గోడ మీది క్యాలెండర్ చూసి, నది అవతలి నుంచి వచ్చే ఎరువుల బస్తాల మీది అచ్చు చూసి, బస్సుల బోర్డులు చూసి ఒక్కో అక్షరం ఏరుకున్నాను. దొంగచాటుగా నేర్చుకునేదానికి కుడి చెయ్యి ఎందుకు? పెరట్లో పలక పట్టుకుని ఎడమ చేత్తోనే దిద్దుకునేదాన్ని. బలపానికి నీలం ఉండదు కాబట్టి బాపుకు ఏనాడూ దొరకలేదు. అట్లా నా చేతులు రెండూ రెండు భాషలు పంచుకున్నాయి. నా కుడి చేతికి తెలుగు రాదు, ఎడమ చేతికి మరాఠీ రాదు. ఇది చెబితే వేళాకోళమనుకుంటారు. కుడి చేత్తో "అమ్మ" అని రాయమంటే కోడి గెలికినట్టు గెలుకుతాను, చూసినవాళ్లు అప్పుడు నమ్ముతారు.

పెద్దయ్యాక అడిగేవాళ్లు లేరు. అయినా కాగితం మీద ఎడమ చేత్తో రాయాలంటే నాకు మనసు రాలేదు. అంచుకు ఆ నీలం అంటుకుంటే చాలు, చెయ్యిని కొంగులో దాచుకునేదాన్ని.

మొదటి చైనా పెన్ను ఫోన్‌లో చీరల ఫాల్స్ వెతుకుతుంటే కనిపించింది. వెంట్రుకంత సన్నగా రాస్తుందని బొమ్మ కింద రాసి ఉంది. ఆ మాట నన్ను పట్టుకుంది. సన్నగా రాస్తే సిరా తక్కువ, సిరా తక్కువైతే తొందరగా ఆరుతుంది కదా! మా ఊరికి పార్సిల్ రాదన్నారు. అహేరిలో మా చెల్లెలి ఇంటికి తెప్పించి, మీటింగుకు పోయినప్పుడు తెచ్చుకున్నాను. తీరా సిరా పోస్తే అది ఒక్క గీత కూడా గియ్యలేదు. మా ఆయనకు పండగే. "చైనా మాల్ గట్లనే ఉంటది. సంకురాత్రి గాలిపటానికి పుల్లగ కట్టు," అన్నాడు. నాకు పౌరుషం వచ్చింది. గిన్నెలు తోమే సబ్బునీళ్లలో నానబెట్టి దానికి తలంటు పోశాను. కార్ఖానా నూనె ఏదో లోపల ఉన్నట్టుంది, అది పోయాక రాసింది. ఎడమ చేత్తో ఒక లైను రాసి, చెయ్యి తిప్పి చూసుకున్నాను. అంచు శుభ్రంగా ఉంది. మధ్యాహ్నంపూట ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని పైకే నవ్వాను.

అయితే గీరుడు మాత్రం ఆగలేదు. కుడి చేతివాళ్లు పెన్నును లాగుతూ రాస్తారు, మేం తోస్తూ రాస్తాం. తోస్తే నిబ్బు కొన కాగితంలో గుచ్చుకుంటుంది. ఖరీదైన పెన్నయితే దాని జోలికి పోయేదాన్ని కాదు. ఇది చైనాది, పాడైతే ఏం పోతుంది? గాజుల దుకాణంలో గోళ్లు నునుపు చేసే పట్టీ దొరుకుతుంది, దాని మీద నిబ్బును సున్నాలు చుడుతూ అరగదీశాను. ఎక్కువ అరగదీసి మొదటిదాన్ని చంపేశాను. రెండోది సిరా కక్కింది. ఇంకోటి తెప్పించాను, దాన్నీ చెడగొట్టాను. మొండిదాన్ని కదా, ఆకుపచ్చ పెన్ను ఒకటి వచ్చేదాకా వదల్లేదు. దాని నిబ్బుకు ఎడమ పక్క మూల కొంచెం, కొంచెమే గుండ్రం చేశాను. ఇగ చూడాలి దాని నడక! మా తెలుగు అక్షరాలన్నీ గుండ్రాలే కదా, సున్నా ఎక్కడ మొదలైందో ఎక్కడ కలిసిందో తెలియకుండా తిరిగేది. ఒత్తులు విడివిడిగా కనిపించేవి. అంగన్‌వాడీ నుంచి వచ్చి అన్నం తిన్నాక ప్రతిరోజూ రాసేదాన్ని. ప్రాణహితలో దొరికే చేపల పేర్లు, వడ్ల రకాలు, పక్కింటామె తిట్లు, ఏది తోస్తే అది. ఆ తర్వాత డబ్బాలోకి ఎన్ని పెన్నులు చేరినా అన్నింటికీ అదే మూల అరగదీశాను. ఇప్పుడవి కుడి చేతివాళ్లకు సరిగ్గా రాయవు. అది నాకు మహా సంతోషం.

పోయిన వేసవిలో మా అన్న కూతురి పెళ్లి కుదిరింది. అబ్బాయిది గోదావరి వంతెన దాటితే అవతల, కాళేశ్వరం దిక్కు. లగ్నపత్రిక రాసుకోవడానికి వాళ్లు సిరోంచలో మా పుట్టింటికి వచ్చారు. పత్రికలు రెండు రాయాలి, ఒకటి వాళ్లకు, ఒకటి మాకు. ఎప్పుడూ రాసే అయ్యగారికి కంటి ఆపరేషన్ అయి దగ్గరి చూపు ఆనడం లేదు. ఆయన వెంట తెచ్చిన అచ్చు కాగితాలు మరాఠీవి. ఖాళీలు నింపితే చాలు.

అబ్బాయి మేనత్త ఆ కాగితం అటూ ఇటూ తిప్పి కింద పెట్టింది. "మాకు గిది సదువరాదు. తెలుగుల రాయున్రి," అంది.

మా అన్న నా వదిన ముఖం చూశాడు, వదిన గోడ వైపు చూసింది. ఎవరో ఫోన్‌లో కొట్టి ప్రింటు తీయిద్దామన్నారు. మా ఊరి జిరాక్స్ సెంటర్‌లో తెలుగు కొడితే అక్షరాలకు బదులు డబ్బాలు డబ్బాలుగా వస్తుంది. వంతెన దాటిపోయి తెద్దామంటే, "కొద్దిసేపైతే వర్జ్యం వస్తది. అంతలోపే రాయాలె," అన్నారు అయ్యగారు.

మేనత్త నవ్వింది. "గింత తెలుగు మాట్లాడ్తరు. రాసెటోళ్లు ఒక్కలు గూడ లేరా ఏంది మీ ఇంట్ల?"

ఆ మాటతో మా అన్న ముఖం మాడిపోయింది. నాకు ఒళ్లు మండింది. పిల్లను ఇచ్చే ఇంటికి మొదటి రోజే ఇంత లోకువ అవుతామా? నా సంచిలో ఆకుపచ్చ పెన్ను ఉంది. బాపు మూలన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పెన్ను బయటికి తీసి, చాప మీద కూర్చుని, "చెప్పండి అయ్యగారూ, నేను రాస్త," అన్నాను.

ఎడమ చేతిలో పెన్ను చూడగానే మేనత్త ముఖం మారింది. "లగ్గపత్రిక డావ చేత్తోనా?"

"నా కుడి చేతికి తెలుగు రాదు వదినా. మరాఠీ కావాలంటే కుడి చేత్తో రాస్త. మీకు ఏది కావాల్నో చెప్పున్రి."

నలుగురు నవ్వారు. మేనత్త నవ్వలేదు. అయ్యగారు చేత్తో సైగ చేసి, "అక్షరం చక్కగుంటే చాలమ్మా, రాయి," అన్నారు. అందరూ బాపు వైపు తిరిగారు. ఆయన నా వైపు చూడకుండానే, "వాళ్లది వాళ్ల ఇష్టం. మనింట్ల ఉండెటిది మాత్రం మరాఠీ కాగితమే. కుడి చేత్తో నింపుతది," అన్నాడు.

ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది. అయినా పెన్ను కాగితం మీద పెట్టాను. శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు. అయ్యగారు చెబుతున్నారు, నేను రాస్తున్నాను. తిథి, వారం, నక్షత్రం, రెండు ఇళ్ల పెద్దల పేర్లు. ఒక్క చోటా గీరలేదు, ఒక్క చోటా సిరా కక్కలేదు. "పసుపు తర్వాత పెట్టున్రి, తడికి సిరా పాకుతది," అన్నాను. అన్న పసుపు గిన్నె పక్కకు జరిపాడు. మా ఆయన వెనక నుంచి, "చైనా సుట్టం పరువు నిలబెట్టింది," అని గొణుగుతున్నాడు.

రాయడం అయ్యాక మేనత్త కాగితం తీసుకుంది. మొదట తప్పులు పట్టడానికే చదివినట్టుంది. రెండో లైనుకు గొంతు పెరిగింది. తడుముకోకుండా చివరిదాకా పైకి చదివి, పక్కనున్న వాళ్లాయనకు చూపించింది. "మా దిక్కు గూడ గిట్ల రాసెటోళ్లు లేరిప్పుడు. అచ్చు కొట్టినట్టు ఉన్నది," అంది. మా అన్న ఛాతీ విరుచుకుని కూర్చున్నాడు. నాకు ఏడుపు వచ్చింది, సంతోషంతోనే.

అప్పుడు బాపు కుర్చీలోంచి లేచాడు. మెల్లగా వచ్చి చాప దగ్గర కూర్చున్నాడు. తెలుగు గానీ మరాఠీ గానీ ఆయనకు చదవడం రాదు.

"చెయ్యి సూపియ్యి," అన్నాడు.

ఇంత వయసొచ్చినా, ఇంతమంది ముందున్నా, ఏ చెయ్యో నేను అడగలేదు. ఎడమ చెయ్యి చాపాను. పట్టుకుని తిప్పి, చిటికెన వేలి కింద అంచును చూశాడు. బొటనవేలితో రుద్ది, తన వేలు చూసుకున్నాడు. మళ్లీ రుద్దాడు.

"అంటలే," అన్నాడు.

చాప మీది మరాఠీ కాగితాన్ని తీసి అయ్యగారి సంచి మీద పెట్టాడు. ఆకుపచ్చ పెన్నును తన కుడి చేత్తో తీసి, ఇంకా ఆయన పట్టులోనే ఉన్న నా ఎడమ చేతిలో పెట్టి, వేళ్లు మూశాడు.

"మనది గూడ గీ చేత్తోనే రాయి, బిడ్డా."